ఆగమన కాలం నాకు వడ్ల కుప్ప దగ్గర తెలిసింది

"హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆగమన కాలం నాలుగు వారాలూ మౌనంగా, ధ్యానంలో గడపాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగారు. ఆగమన కాలమంటే క్రిస్మస్ కోసం కాచుకొని ఉండే, దానికి ముందు నాలుగు వారాలు.

ముందు ఒక మాట. కొత్తగా ఏమీ కొనకండి. ఊదా రంగు కొవ్వొత్తులు మూడు, గులాబీ రంగుది ఒకటి తెచ్చి ఇంట్లో వెలిగించుకుంటే మంచిదే, మా గుడిలోనూ వెలిగిస్తారు. కానీ కాచుకొని ఉండటం అలవాటు లేకపోతే నాలుగూ వెలిగించినా మనసు కుదురుకోదు. నా అనుభవం అది.

మాది మిర్యాలగూడ వైపు పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలు. 2021లో ఆగమన కాలం నవంబర్ 28న మొదలైంది. అప్పటికే మా వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి పది రోజులు. తేమ 17 శాతం దాటితే తూకం వేయరు, మావి 19 చూపించాయి. తేమ దిగాక గోనె సంచులు లేవన్నారు. సంచులు వచ్చాక లారీ లేదన్నారు. నేను సెలవు పెట్టి వెళ్లి, రాత్రుళ్లు నాయనతో పాటు కుప్ప దగ్గరే పడుకున్నాను.

మొదటి రాత్రి ఫోను చూస్తూ, కేంద్రం వాళ్లను తిట్టుకుంటూ గడిపాను. తొమ్మిదింటికి చార్జింగ్ అయిపోయింది. నాయన దుప్పటి కప్పుకొని పట్టా అంచున కూర్చున్నాడు. దుప్పటి లోపల జపమాల ఉందని వేళ్ల కదలికను బట్టి తెలిసింది, పెదవులు మాత్రం కదలలేదు. రెండు గంటలకోసారి లేచి, పట్టా ఎత్తి, మోచేతి దాకా వడ్లలోకి చెయ్యి దూర్చి చూసేవాడు. తడి కుప్ప లోపల వేడెక్కితే మొలకలు వస్తాయి. "ఇంకా ఎన్ని రోజులు నాయనా?" అని విసుక్కున్నాను. "తిడితే ఆరుతాయా బిడ్డా? కాచుకొని ఉండాలి" అన్నాడు. మళ్లీ మాట్లాడలేదు. దూరంగా రైస్ మిల్లు చప్పుడు, పట్టా మీద నుంచి మంచు జారి పడే చప్పుడు, అంతే.

మూడో రాత్రికి నా గొణుగుడు ఆగింది. అప్పుడు బైబిల్లోని జెకర్యా, స్నాపక యోహాను తండ్రి, గుర్తుకొచ్చాడు. ముసలితనంలో కొడుకు పుడతాడన్న దేవదూత మాట నమ్మనందుకు, ఆ కొడుక్కి యోహాను అని పేరు పెట్టే దాకా ఆయన మూగవాడిగా ఉన్నాడు. డిసెంబర్ 19 ఆదివారం కాని ఏడాది ఆ రోజు పూజలో ఆ సువిశేషమే చదువుతారు. అది శిక్ష అని అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. ఇంట్లో బిడ్డ రూపు కడుతున్న నెలలన్నీ నోరు మెదపకుండా చూస్తూ ఉండమని దేవుడు ఇచ్చిన సెలవు అది.

లారీ డిసెంబర్ 9 రాత్రి వచ్చింది.

మీరు రోజూ ఒక పావుగంట ఫోను వేరే గదిలో పెట్టి, దీపం ఆర్పి కూర్చోండి. పుస్తకం అక్కర్లేదు. మొదటి వారం చిరాకు తప్ప ఏమీ రాదు. లేవకండి. నాయన కుప్పలో చెయ్యి పెట్టినట్టు, లోపల ఎక్కడ వేడెక్కుతోందో చూసుకోండి. ఎవరి మీద కోపమో, ఏ భయమో చేతికి తగులుతుంది. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లేటప్పుడు అదే తీసుకెళ్లండి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. డిసెంబర్ మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్, కేకు, వీధి అదిరే సౌండ్ బాక్సులు! గురువులు ఊదా వస్త్రాలు వేసుకొని, ఆదివారం పూజలో 'మహిమ' గీతం కూడా ఆపి మనల్ని కాచుకోమంటుంటే, బయట అప్పుడే బాలయేసు పుట్టేసినట్టు గోల చేస్తాం. తీరా 26 నాటికి స్టార్ దించేస్తాం. పండుగ కాలం మొదలయ్యేదే 25న, జనవరిలో ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా ఉంటుంది. పాడుకోవడానికి అన్ని రోజులు ఉండగా ఈ నాలుగు వారాలనే ఎందుకు ముంచేయాలి? మా విచారణ (గుడి సంఘం) పెద్దలను రెండేళ్లుగా అడుగుతున్నాను, కేరల్స్ కార్యక్రమం 26 తర్వాత పెట్టమని. ఈ నవంబర్‌లోనూ అడుగుతాను.