మీరు అడగాల్సింది బాబు గురించి కాదు

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు. పదో తరగతి పరీక్షలు రాశాడు. ఇంటర్ తరగతులు మొదలయ్యేదాకా మా వీధి చివర పుస్తకాల షాపులో జీతానికి పని చేస్తానంటున్నాడు. డబ్బు రుచి మరిగితే చదువు అటకెక్కుతుందని మావారి భయం. 11 ఏళ్ల మా పాప వీడియోల ఛానెల్‌కు ఇప్పుడిప్పుడే ప్రకటనల డబ్బు వస్తోంది. బాబును కూడా అందులోనే పెడితే ఇంటిపట్టున ఉంటాడు కదా? రెండింటిలో ఏది మేలు?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఏటా వేసవిలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తుంది. చదువు పాడవుతుందా అని మొదలుపెడతారు. కాస్త మాట్లాడితే అసలు దిగులు బయటపడుతుంది. కౌంటర్ వెనుక మన పిల్లవాడిని చూసి బంధువులు ‘ఇల్లు గడవడం లేదా’ అనుకుంటారేమోనని. అనుకోనివ్వండి. రెండు నెలల జీతం చూసి చదువు మానేసే పిల్లవాడైతే, వాడికి చదువు మీద అప్పటికే మనసు విరిగిపోయి ఉంటుంది. షాపు మాన్పిస్తే ఆ మనసు తిరిగి రాదు.

కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల పత్తి విత్తన చేలల్లో పూలను సంకరం చేయడానికి ఆడపిల్లలను బడి మాన్పించిన రోజులు మనకు తెలుసు. పిల్లల పని అంటే అందుకే ఉలిక్కిపడతాం, పడాలి కూడా. మీ బాబుది ఆ కథ కాదు. బడి ముగిసింది, కాలేజీ తెరవలేదు, వాడే అడుగుతున్నాడు. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం, నటన వంటి కొన్ని మినహాయింపులు తప్ప, 14 నిండనివారిని పనిలో పెట్టుకోకూడదు. 14 నుంచి 18 లోపు వారిని గనుల్లో, మందుగుండు పనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పుస్తకాల షాపుకు అడ్డు లేదు. కానీ విశ్రాంతితో కలిపి రోజుకు 6 గంటలే పని చేయించాలి, వారానికో రోజు సెలవివ్వాలి, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. బడులు తెరిచే ముందు ఆ షాపులో రద్దీ అంతా రాత్రి 7 తర్వాతే ఉంటుంది. కాబట్టి యజమానితో ఈ మాట ముందే తేల్చుకోండి. జీతం బాబు చేతికే ఇవ్వమనండి.

ఇక నన్ను కలవరపెట్టింది పాప సంగతి. మీ ఉత్తరంలో ఆమె గురించి రెండు ముక్కలే ఉన్నాయి, అవీ గర్వంగా. డబ్బు వచ్చే పని చేస్తున్న 11 ఏళ్ల పిల్ల మీ ఇంట్లో ఇప్పటికే ఉందమ్మా. షాపుకెళితే పరువు పోతుందన్న ఇంట్లోనే చెల్లెలు లైట్ల ముందు ఒకే నవ్వును నాలుగుసార్లు నవ్వుతుంటే అది పనిగా కనిపించలేదా? ఈ ఛానెళ్ల మోజు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. షాపు రాత్రి మూసేస్తారు. ఛానెల్‌కు మూసే వేళ లేదు. షాపులో తప్పు చేస్తే యజమాని ఒక్కడు కోప్పడతాడు. ఇక్కడ ఊరూ పేరూ తెలియనివారు పిల్ల రంగు గురించి, పళ్ల గురించి రాస్తారు, ఆమె అవన్నీ చదువుతుంది. చూసేవారు తగ్గిన రోజున తనలోనే ఏదో తగ్గిందనుకుంటుంది. వీటికి బదులు చెప్పగలిగిన తల్లిదండ్రులను నేను ఇంతవరకు చూడలేదు.

సినిమాల్లో, సీరియళ్లలో నటించే పిల్లలకు కూడా రోజుకు 5 గంటలు మించకూడదని, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదని నిబంధన ఉంది. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పాప సంపాదన పడేది పెద్దవాళ్ల ఖాతాలోనే కదా. అందులో ఆమె పేరిట ఇప్పటిదాకా ఎంత వేశారు?

బాబును నిశ్చింతగా పంపండి. వాడికేమీ కాదు, జూన్‌కల్లా పుస్తకాలు పట్టుకుంటాడు. పాప విషయంలో మాత్రం ఈ నెలంతా వీడియోలు ఆపి చూడండి. పది రోజుల తర్వాత తనంతట తానే ఫోను అడిగి మళ్లీ మొదలుపెడితే, అప్పుడు వారానికి ఎన్ని గంటలన్నది మాట్లాడుకుందాం. ఎప్పుడు మొదలుపెడదామని ముందుగా అడిగేది మీరే అయితే, అది కూడా నాకు రాయండి.