బెంగళూరులో నెట్ ప్లాన్ అయిపోతున్న అమ్మలుకి

చి. అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

నీ ఏడాది ప్లాన్ వచ్చే నెలాఖరుకి అయిపోతోందనీ, రెన్యూ చేసుకోమని రోజూ మెసేజ్‌లు వస్తున్నాయనీ మీ నాన్న చెప్పాడు. ఆ మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కి డబ్బు కట్టెయ్యకు. అక్కడ కనిపించేది కంపెనీ అడిగే మొదటి ధర. కట్టాక ఇక బేరం లేదు. గడువుకి మూడు వారాల ముందు మొదలుపెడితే నింపాదిగా మాట్లాడొచ్చు. చివరి రెండు రోజుల దాకా ఆగితే, సోమవారం పొద్దున మీ ఇద్దరికీ ఆఫీసు కాల్స్ ఉంటాయి కాబట్టి ఎంత చెబితే అంత కట్టేస్తారు.

ఈరోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. నీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, నెట్ కంపెనీ పేరు మీద మ్యాండేట్, అంటే డబ్బు దానంతటదే తీసుకోమని నువ్విచ్చిన అనుమతి, ఉందేమో చూడు. ఉంటే ఆపెయ్. డబ్బు తీసుకోవడానికి 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. కానీ 15,000 రూపాయల లోపు మొత్తాలకి ప్రతిసారీ పిన్ అడగరు. ఆ మెసేజ్ నీ కంటపడకపోతే ఏడాది డబ్బు ఒక్కసారే పోతుంది. అలాగే నీది ప్రీపెయిడో పోస్ట్‌పెయిడో బిల్లు మీద చూసుకో. ప్రీపెయిడ్ అయితే గడువు దాటగానే నెట్ ఆగిపోతుంది, అంతే. పోస్ట్‌పెయిడ్ అయితే, ఆఫర్ కాలం అయిపోయింది కదా అని ఊరుకుంటే మామూలు ధరకి బిల్లు పడుతూనే ఉంటుంది. మనంతట మనం రాతపూర్వకంగా తీసెయ్యమనే దాకా అది ఆగదు.

ఇక ధర సంగతి. చాలామంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదువు. ప్రకటనలో కనిపించే అంకెకి 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. 799 అని రాసి ఉంటే నువ్వు కట్టేది 942 రూపాయల 82 పైసలు. 999 అంటే 1,178 పైచిలుకు. ఆ తర్వాత ‘ఉచిత నెల’ లెక్క. నెలకి 999 చొప్పున ఆరు నెలలకి కడితే ఒక నెల ఉచితం అన్నారనుకో. ఆరు నెలలకి 5,994, పన్నుతో 7,072 రూపాయల 92 పైసలు. ఏడుతో భాగిస్తే నెలకి 1,010 పడింది. పక్క కంపెనీ ఏ ఉచితమూ లేకుండా నెలనెలా 799కి ఇస్తుంటే, పన్నుతో కలిపినా 943 లోపే. ఉచితం అన్న మాట లేని ప్లానే చవక. అదే 799 ప్లాన్‌కి ఏడాది కడితే రెండు నెలలు కలిపి ఇస్తామన్నారనుకో, 11,313 రూపాయల 84 పైసలని పద్నాలుగుతో భాగించాలి, నెలకి 808 వస్తుంది. అది మంచి బేరం. ఈ అంకెలు లెక్క చూపడానికి తీసుకున్నవి. మీ కంపెనీ ఏం చెప్పినా ఇదే పద్ధతిలో చెయ్: కట్టే మొత్తం డబ్బు, అందులో పన్ను, ఇన్‌స్టలేషన్, రౌటర్ డిపాజిట్‌లో తిరిగి రాని భాగం అన్నీ కలిపి, నెట్ వచ్చే నెలల సంఖ్యతో భాగించు. వచ్చిన అంకె ఒక్కటే పోల్చడానికి పనికొస్తుంది.

పద్నాలుగు నెలల ప్లాన్ నీకు తగినదా అన్నది వేరే ప్రశ్న. బెంగళూరులో మీ అద్దె అగ్రిమెంట్ పదకొండు నెలలది. ఇంటి ఓనర్ అద్దె పెంచి మీరు మారత్తహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్‌కో, కేఆర్ పురానికో మారితే, కొత్త బిల్డింగులో ఆ కంపెనీ కేబుల్ ఉండాలిగా! లేకపోతే కట్టిన డబ్బు ఇరుక్కుంటుంది. అగ్రిమెంట్‌లో ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో అంతకు మించి ముందుగా కట్టొద్దు. ఏడాదికి కట్టాల్సి వస్తే మాత్రం, కొత్త చోట సర్వీసు లేకపోతే మిగతా నెలల డబ్బు వెనక్కిస్తారా, ఇల్లు మారితే షిఫ్టింగ్ ఛార్జీ ఎంత అన్న రెండూ ముందే మెయిల్‌లో రాయించుకో.

బేరానికి ముందు మీకు ఎంత స్పీడ్ కావాలో తేల్చుకో. ఒక వీడియో కాల్‌కి నాలుగు ఎంబీపీఎస్ (సెకనుకి ఎన్ని మెగాబిట్లు అన్న స్పీడ్ కొలత) సరిపోతుంది. 4కే సినిమాకి 15 నుంచి 25 దాకా. నువ్వూ అల్లుడూ ఒకేసారి కాల్‌లో ఉండి, హాల్లో టీవీ నడుస్తున్నా 40 దాటదు. 100 ఎంబీపీఎస్ మీ ఇంటికి ధారాళం. 300 తీసుకోమని వాళ్లు ఒత్తిడి చేస్తారు, వంద రూపాయలేగా తేడా అంటారు. ఏడాదికి అది పన్నుతో 1,416 రూపాయలు. నువ్వు అడగాల్సింది అప్‌లోడ్ స్పీడ్ గురించి. కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఉంటాయి, కొన్నిటిలో ఉండవు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కాల్స్ చెడేది అప్‌లోడ్ దగ్గరే. డేటా పరిమితి గురించి పెద్దగా బెంగ వద్దు. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అని చెప్పే చాలా వాటికి నెలకి 3,300 జీబీ హద్దు ఉంటుంది. రోజుకి 110 జీబీ అన్నమాట, ఇద్దరు మనుషులు వాడి ముగించలేరు. లోకల్ ఆపరేటర్ల దగ్గర మాత్రం ఆ హద్దు ఎంతో, దాటితే స్పీడ్ ఎంతకి పడిపోతుందో అడుగు.

ఇప్పుడు వస్తున్న స్పీడ్ కొలిచి పెట్టుకో, మాట్లాడేటప్పుడు ఆధారం అవుతుంది. వైఫై మీద కాదు, ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి కొలవాలి. వైఫై మీద తక్కువ వస్తే అది గోడల వల్ల, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ కొట్టుకోవడం వల్ల కావచ్చు. కంపెనీ వాడు అదే మాట అని తప్పించుకుంటాడు. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య, మూడు రోజులు, స్క్రీన్‌షాట్లు తియ్. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో కచ్చితంగా 94, 95 దగ్గరే ఆగిపోతుంటే తప్పు కంపెనీది కాకపోవచ్చు. రౌటర్ పోర్ట్ 100 మెగాబిట్లది అయినా అంతే, ల్యాన్ కేబుల్ (రౌటర్‌నీ ల్యాప్‌టాప్‌నీ కలిపే తీగ) లోపలి ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా అంతే కావచ్చు. గిగాబిట్ (1,000 మెగాబిట్ల) స్పీడ్‌కి ఎనిమిదీ కావాలి, ఒకటి పోతే లింకు 100కి దిగిపోవచ్చు. ముందు కేబుల్ మార్చి చూడు. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వచ్చి ఉంటే, ఆ తీగ చేరే పెట్టె సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ (లోపలికి వచ్చే వెలుతురు బలం) అని ఒక మైనస్ అంకె ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే లైన్ బాగున్నట్టే. మైనస్ 27 దగ్గరికి పోతే వానలో, ఎండలో కనెక్షన్ తెగుతూ ఉంటుంది. తలుపు మూలన కేబుల్ మడత పడటమో, బయట అతుకు సరిగా లేకపోవడమో కారణం. ప్లాన్ ఏదైనా అది బాగవదు, లైన్‌మ్యాన్ వచ్చి చూడాల్సిందే. రెన్యూ చెయ్యకముందే ఆ పని చేయించు. డబ్బు అందాక వాళ్లలో ఆ తొందర ఉండదు.

నీ అసలు బలం మాటల్లో లేదు, మీ బిల్డింగులోకి వచ్చే రెండో కేబుల్‌లో ఉంది. కింద వాచ్‌మ్యాన్‌నీ, పై ఫ్లాట్ వాళ్లనీ అడుగు, ఎవరెవరి నెట్ వాడుతున్నారో, కరెంటు పోతే ఏమవుతోందో. యాక్ట్, ఎయిర్‌టెల్, జియో, బీఎస్ఎన్ఎల్, ఇంకా ఆ వీధి కేబుల్ ఆపరేటర్ వీటిలో మీ గేటు దాకా ఏవి వచ్చాయో రాసుకో. వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొడితే సర్వీసు ఉంది అనే వస్తుంది, దాన్ని నమ్మకు. అదే పిన్‌కోడ్‌లో మీ వీధికి లైన్ లేకపోవచ్చు. ఆ కంపెనీ మనిషిని పిలిచి, మెట్ల దగ్గరున్న పెట్టెలో ఖాళీ పోర్ట్ ఉందో లేదో చూపించమను. ఇంకొకటి, మీ దగ్గర ఏప్రిల్, మే గాలివానలకి కొమ్మలు విరిగి చెట్ల మీదుగా పోయే కేబుళ్లు తెగుతుంటాయి. కొత్త కంపెనీ లైను కూడా అదే స్తంభాల మీదుగా వస్తుంటే ఆ బాధ మారడం వల్ల తీరదు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒక్క కంపెనీనే లోపలికి రానిచ్చిందంటే దారి వేరు. అప్పుడు ఒక్కదానివే ఫోన్ చేసి లాభం లేదు. పది ఫ్లాట్ల వాళ్లు కలిసి అసోసియేషన్ ద్వారా అడగండి, పది రెన్యూవల్స్ ఒకేసారి అంటే ఆ ఏరియా సేల్స్ మేనేజర్ కదులుతాడు. కేబుల్ అక్కర్లేని 5జీ కనెక్షన్ కూడా ఉంది. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరులో మొదలైన ఎనిమిది నగరాల్లో మీ బెంగళూరు ఒకటి. ఫైబర్‌తో పోలిస్తే సాయంత్రాలు స్పీడ్ ఊగిసలాడుతుంది, కాబట్టి దాన్ని మొదటి ఎంపిక అననుగాని, ప్రత్యామ్నాయం లేదనుకునే చోట బేరానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఫోన్. పనిరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు చెయ్. రెన్యూవల్ ఆప్షన్ నొక్కితే, స్క్రీన్ మీద ఉన్న ప్లాన్లు చదివి వినిపించే మనిషి దొరుకుతాడు. అతని చేతిలో తగ్గించే అధికారం ఉండదు. అతని మీద కోప్పడటం వృథా. కనెక్షన్ తీసేసే ఆప్షన్ ఎంచుకో, లేదా ఆ విభాగానికి కలపమను. కస్టమర్‌ని పోకుండా ఆపడమే వాళ్ల పని, ఆఫర్లు ఉండేది అక్కడ. తీసెయ్యడానికి తేదీ అడిగితే ప్లాన్ చివరి రోజు కన్నా ముందు తేదీ ఇవ్వకు. మాట ఇలా ఉండాలి: “నా ప్లాన్ ఫలానా తేదీకి అయిపోతోంది. మా బిల్డింగులో ఇంకో కంపెనీ 100 ఎంబీపీఎస్, పన్నుతో కలిపి నెలకి ఇంతకి ఇస్తోంది. మీ దగ్గరే ఉండాలని ఉంది. ఆ ధరకి మీరు రాగలిగితే ఈరోజే ఆరు నెలలకి కట్టేస్తాను.” అంత చెప్పి ఊరుకో. అవతల మౌనంగా ఉంటే నువ్వే ఇంకో మాట కలిపి తగ్గకు. లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పొద్దు, ఏ కంపెనీ ఏ ప్లాన్ అని అడుగుతారు, తడబడితే అక్కడే తెలిసిపోతుంది.

ముందు ధరే అడుగు. కుదరదంటే, కొత్త కస్టమర్లకి ఇచ్చే ధర నాకెందుకు ఇవ్వరని అడుగు. అదీ కాదంటే అదే ధరకి అదనపు నెలలు అడుగు. వాళ్లకి ధర తగ్గించడం కన్నా నెలలు కలపడం తేలిక. ఆ తర్వాత పాత రౌటర్‌కి బదులు డ్యూయల్ బ్యాండ్ రౌటర్ (2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నది) అడుగు. ఓటీటీలు ఇస్తామంటే, అవి లేని ప్లాన్ ధర ఎంతో అడుగు. నువ్వు విడిగా డబ్బు కట్టి చూసే ఓటీటీ అందులో ఉంటే తప్ప దాని విలువ నీకు సున్నా. మొదటిసారి కాదంటే సరేనని పెట్టేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ చెయ్. గడువు దగ్గరపడే కొద్దీ వాళ్లే ఫోన్ చేస్తారు. ఆ ఏరియా లైన్ చూసే ఫ్రాంచైజీ వాడితో కూడా మాట్లాడు. కాల్ సెంటర్‌లో లేని ఆఫర్ అతని దగ్గర ఉండొచ్చు. కానీ డబ్బు అతని సొంత యూపీఐకి పంపకు. కంపెనీ యాప్‌లోనే కట్టు, జీఎస్టీ ఇన్‌వాయిస్ రావాలి. ఏది ఒప్పుకున్నా ధర, పన్ను, నెలలు, స్పీడ్, ఆ ధర ఎప్పటిదాకా అన్నవి మెసేజ్‌లోనో మెయిల్‌లోనో వచ్చాకే కట్టు.

వాళ్లు దిగిరాకపోతే మారడమే. అప్పుడు కొత్త లైన్ పాతది అయిపోవడానికి నాలుగైదు రోజుల ముందే వేయించు. రాత్రిళ్లు, ఆఫీసు వీపీఎన్ మీద, కేబుల్‌తో, అన్నీ చూసుకున్నాకే పాతది వదులు. కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరూ పాస్‌వర్డే పెడితే టీవీ, ఫోన్లు అన్నీ వాటంతటవే కలుస్తాయి. పాత రౌటర్‌నీ, ఫైబర్ పెట్టెనీ, వాటి అడాప్టర్లనీ సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటో తీసి, తీసుకెళ్లే మనిషి దగ్గర రసీదు తీసుకో. అడాప్టర్ లేదని డిపాజిట్‌లో కోత పెట్టడం మామూలే. తీసెయ్యమన్న అభ్యర్థనకి డాకెట్ నంబర్ (అది నమోదైనట్టు ఇచ్చే నంబర్) తీసుకో. డిపాజిట్ రాకపోయినా, తీసేశాక బిల్లు వచ్చినా ఆ నంబర్‌తో ఫిర్యాదు చెయ్, తేలకపోతే ముప్పై రోజుల్లోగా ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీల్ పెట్టొచ్చు, రుసుము లేదు. టెలికాం కంపెనీలని నియంత్రించే ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు పరిష్కరించదు, అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోకు. దానికి బదులు 1915కి ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు కేసులకి అక్కడా ఫీజు లేదు.

నీ బిల్లు, ప్లాన్ చివరి తేదీ, మీ బిల్డింగులో ఉన్న మిగతా కంపెనీల ధరలు వాట్సాప్‌లో పంపు. ఫోన్ చెయ్యకముందే లెక్క ఇద్దరం కలిసి చూద్దాం.

మీ బాబాయి