ఆదివారం పూట మావాడు మాంత్రికుడైపోతున్నాడు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా బాబు తొమ్మిదో తరగతి. కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో ఫ్లాట్‌లో నలుగురు పిల్లలతో కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఆడుతున్నాడు. ఒకడు కథ చెప్తుంటే మిగతావాళ్లు వీరులు, దొంగలు, మాంత్రికులు అయిపోయి మాట్లాడుతుంటారు. మధ్యమధ్యలో రంగురంగుల పాచికలు వేస్తారు. నోట్‌బుక్ నిండా రాక్షసుల బొమ్మలే. మా అత్తయ్య ఇది దయ్యాల ఆట అని భయపడుతున్నారు. మామయ్య పాచికలు చూసి ‘ధర్మరాజు అంతటివాడే మునిగాడు’ అన్నారు. మావారు ఐఐటీ ఫౌండేషన్ టైమ్‌లో ఇదేం పిచ్చి, ఆపించెయ్ అంటున్నారు. మావాడు మామూలుగా ఎవరితోనూ కలవడు. చిన్నప్పటి నుంచి కొంచెం నత్తి ఉంది. విచిత్రం ఏమిటంటే ఆటలో ముసలి మాంత్రికుడి గొంతుతో మాట్లాడేటప్పుడు నత్తి రావడం లేదు. ఆపించాలా, వద్దా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఉత్తరమంతా ఆట గురించి రాసి అసలు సంగతి చివర్లో ఒక్క ముక్కలో చెప్పేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి పాట పాడేటప్పుడు, నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు, వేరే మనిషిలా నటించేటప్పుడు మాట అడ్డుపడదు. కాబట్టి మీవాడి విషయంలో వింత ఏమీ లేదు. దీన్నిబట్టి ‘కావాలంటే బాగానే మాట్లాడగలడు, ఇంట్లోనే వేషాలు వేస్తున్నాడు’ అని మాత్రం ఎవరూ అనకూడదు. ఆట నత్తికి మందు అని కూడా నేను చెప్పను. మాంత్రికుడి గొంతు పక్కన పెట్టగానే మాట మళ్లీ తడబడవచ్చు. అయితే నలుగురిలో నోరు విప్పడానికి భయపడని చోటు ఒకటి వాడికి దొరికింది. వాడు మాట పూర్తి చేస్తే తప్ప కథ కదలదు కనుక మిగతా పిల్లలు ఆగి వింటారు. క్లాసులో అంత ఓపిక ఎవరికుంది చెప్పండి?

అసలు ఆ గదిలో ఏం జరుగుతుందో మీ ఇంట్లో ఎవరూ కూర్చుని చూసినట్టు లేదు. ఉదాహరణకి, వీళ్లు కోట గుమ్మం దగ్గరికి వచ్చారు, కాపలావాడు ఆపాడు. ఒకడు కత్తి దూద్దామంటాడు. ఒకడు లంచం ఇద్దామంటాడు. మాంత్రికుడు తాను రాజవైద్యుడి గురువునని కోతలు కోస్తానంటాడు. ముందు వాళ్లలో వాళ్లు వాదించుకుని ఒక మాట మీదికి రావాలి. ఆ తర్వాత ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పదకొండు గానీ అంతకు మించి గానీ పడితే కాపలావాడు నమ్ముతాడనుకోండి, అవకాశం సగానికి సగం. తోటివాడు పక్కనుంచి వంత పాడితే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు, అప్పుడు నూటికి 75. ప్రాబబిలిటీ చాప్టర్‌లో నాణేలు ఎగరేసి నేర్పేది ఇదే, కాకపోతే ఇక్కడ లెక్క తప్పితే చెరసాలలో పడతారు. తప్పితే తప్పనివ్వండి, ఆట ఆగదు. చెరలోంచి ఎలా బయటపడాలన్నది తర్వాతి కథ. ఒక్క మార్కు తగ్గితే ఇంటికి ఫోన్ వచ్చే వయసులో, ఓడిపోయాక కూడా ఆట సాగుతుందని తెలియడం చిన్న విషయం కాదు.

ఇందులో పిల్లలు ఒకరి మీద ఒకరు గెలవరు, అందరూ ఒకే పక్షం. కథ చెప్పేవాడిని డంజన్ మాస్టర్ అంటారు. వారమంతా కథ సిద్ధం చేసుకోవాలి, పిల్లలు దాన్ని పాడుచేస్తే అప్పటికప్పుడు మార్చుకోవాలి, ఎవరికీ అన్యాయం జరక్కుండా తీర్పు చెప్పాలి. మీవాడికీ ఎప్పుడో ఆ వంతు వస్తుంది. చదువు సంగతికొస్తే, 2014లో వచ్చిన ఆటగాళ్ల రూల్ బుక్ ఒక్కటే మూడొందల పేజీలు దాటుతుంది, అదీ ఇంగ్లిష్‌లో. ఆటకోసం అందులో యాభై పేజీలు చదివినా లాభమే.

మీ మామయ్యగారికి చెప్పండి, ధర్మరాజు రాజ్యాన్ని పణంగా పెట్టాడు, వీళ్లు పెట్టేది ఏమీ లేదు. జూదం కాదు. అత్తయ్యగారి భయం మాత్రం కొత్తది కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో ఈ ఆటను తెచ్చారు. 1980లలో అక్కడి తల్లిదండ్రులు కొందరు ఇది క్షుద్రపూజ అని పెద్ద గొడవ చేశారు. ఆ గొడవకి ముందే, 1979లో మిషిగన్‌లో 16 ఏళ్ల యూనివర్సిటీ కుర్రాడు కనబడకుండా పోతే పత్రికలు ఈ ఆట మీదికే తోశాయి. అతన్ని వెతికిన డిటెక్టివ్ తర్వాత చెప్పింది వేరు, ఆ పిల్లవాడిని కుంగదీసింది డిప్రెషన్, చదువు టెన్షన్. ఈ ముక్క మీవారికి కూడా వినిపించండి.

మీవారి టెన్షన్‌ని నేను కొట్టిపారేయను. ఈ ఆట ఆడితే మార్కులు పెరుగుతాయని హామీ ఇవ్వను, ఇచ్చేవాళ్లని నమ్మొద్దు. డెన్మార్క్‌లో ఓస్టర్‌స్కోవ్ అనే హాస్టల్ స్కూల్ 2006 నుంచి పాఠాలనే పాత్రల ఆటగా నేర్పుతోంది. మన ఫౌండేషన్ క్లాసులకి అది కుదిరే పని కాదు, అలాగని ఆదివారం మూడు నాలుగు గంటలు ఆడితే ఐఐటీ ఎక్కడికీ పోదు. ఎటూ వాడు ఆ టైమ్‌లో ఫోన్ చూడటం లేదు కదా. సోమవారం టెస్ట్ ఉంటే చీకటి పడేలోపు ఇంటికి రావాలని గట్టిగా చెప్పండి. ఆట కోసం నిద్ర మానుకుంటున్నా, హోమ్‌వర్క్ ఎగ్గొడుతున్నా, ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లతో ఆన్‌లైన్‌లో ఆడుతున్నా అప్పుడు మీవారి పక్షం నేను తీసుకుంటాను. ఖర్చు గురించి దిగులు వద్దు. ఒక పాచికల సెట్ చాలు, మొదటి రూల్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఇక నత్తి గురించి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మాట, వినికిడి సమస్యలు చూస్తారు. ఒకసారి తీసుకెళ్లండి. ఆటలో మాట సాఫీగా వస్తోందన్న సంగతి థెరపిస్ట్‌కి తప్పకుండా చెప్పండి, అది వాళ్లకి పనికొస్తుంది. ఇంట్లో ‘మెల్లగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకో’ అనడం మానేయండి. మాట మధ్యలో ఆగితే మీరు అందించొద్దు, వాడి మొహం చూస్తూ ఆగండి. చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, ఆ మాంత్రికుడిలా మాట్లాడు’ అని అడగొద్దు, ఆ రోజుతో మాంత్రికుడు కూడా మాట్లాడటం మానేస్తాడు.

ఆట చూడాలనిపిస్తే ముందు వాణ్ణి అడగండి. వద్దంటే ఊరుకోండి. పర్లేదంటే ఒక ఆదివారం పిల్లలకి పునుగులో, మిర్చిబజ్జీలో పట్టుకెళ్లి గంటసేపు మూల కూర్చోండి, నవ్వొచ్చినప్పుడు నవ్వండి, సలహాలు మాత్రం వద్దు. కుదిరితే మీవారినీ తీసుకెళ్లండి, ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మనండి.