అణుబాంబు యుద్ధాన్ని ఆపిందంటే నేను ఎందుకు ఒప్పుకోను?

"ఇద్దరి దగ్గరా అణ్వస్త్రాలు ఉన్నాయి కాబట్టే భారత్, పాకిస్తాన్ మధ్య యుద్ధం రావడం లేదు కదా?" అని ఒకరు అడిగారు. ఈ మాట వింటే నాకు 2002 వేసవి, గుంటూరు బ్రాడీపేటలోని ఒక ఎస్టీడీ బూత్ గుర్తుకొస్తాయి.

2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగాక సైన్యాన్ని సరిహద్దుకు తరలించారు. మా అన్నయ్యను రాజస్థాన్ వైపు పంపారు. మా ఇంట్లో ఫోను లేదు, ఆ బూతే మా పీపీ నంబరు, మాకు వచ్చే ఫోన్లు అక్కడికే వచ్చేవి. ఆదివారం రాత్రి ఎనిమిదికి అన్నయ్య చేసేవాడు. మే 14న జమ్మూ దగ్గరి కాలూచక్‌లో జవాన్ల కుటుంబాలను ఉగ్రవాదులు చంపాక మూడు ఆదివారాలు ఫోను రాలేదు. అమ్మ ఏడింటికే వెళ్లి బూత్ బయట స్టూలు మీద కూర్చునేది. లోపల ఎవరైనా మాట్లాడుతుంటే మీటరు మీద మారే ఎర్ర అంకెలనే చూస్తూ, "వీళ్లు పెట్టేస్తే బాగుండు, వాడికి లైను దొరకదేమో" అని నా చెయ్యి నలిపేసేది. నాలుగో ఆదివారం మోగింది. "మంచినీళ్లు దొరుకుతున్నాయా నాన్నా?" అని మాత్రమే అడగగలిగింది. మైన్లు (మందుపాతరలు) పాతుతుండగా పక్కవాడికి కాలు పోయిన సంగతి అన్నయ్య సెలవుకు వచ్చాకే చెప్పాడు.

అక్టోబరులో సైన్యాన్ని వెనక్కి పిలిచారు. యుద్ధం జరగలేదు, కానీ మైన్లు పేలి, ఇతర ప్రమాదాల్లో వందల మంది జవాన్లు పోయారు. "యుద్ధం రాలేదు" అనేవాళ్లు వీళ్లను ఏ లెక్కలో రాస్తారు?

1998 మేలో మన పోఖ్రాన్‌లో, పాకిస్తాన్‌లోని చాగైలో అణు పరీక్షలు జరిగాయి. ఏడాది తిరిగేసరికి కార్గిల్ వచ్చింది. పాకిస్తాన్ వాళ్లు బాంబు అండ చూసుకునే ఇలాంటి దొంగదెబ్బలు తీస్తున్నారు. 2022 మార్చిలో మన క్షిపణి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్ను దగ్గర పడింది. ఎవరూ చనిపోకపోవడం మన అదృష్టం. నిజంగా కాపాడేవి చిన్న ఏర్పాట్లే. 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, వాటిపై దాడి చేయకూడదని ఒప్పందం. ఆ వార్త పత్రికలో ఏ మూలనో ఉంటుంది. టీవీల వాళ్లకు మాత్రం సైరన్ మోతలు కావాలి. 2025 మేలో రెండు దేశాలూ నాలుగు రోజులు దాడులు చేసుకున్నప్పుడు ఆ మోత ఆపమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

అన్నయ్య రిటైరై ఇంట్లోనే ఉన్నా, ఆ నాలుగు రోజులూ అమ్మ సరిగా అన్నం తినలేదు. మే 10 మధ్యాహ్నం 3.35కు పాకిస్తాన్ సైనికాధికారి మన అధికారికి ఫోను చేశారని, కాల్పులు ఆపుతున్నారని సాయంత్రం చదివి వినిపించాను. "మనవాళ్లు ఎత్తారా?" అని అడిగింది. ఎత్తారన్నాను. అప్పుడు కంచం ముందుకు లాక్కుంది.