కడుపులో బిడ్డకు అందరూ ఉన్నారు, ఒళ్లో బిడ్డకు?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒళ్లు తన అదుపులో ఉండదు. కూర్చోబెట్టాలి, తినిపించాలి, అన్నీ నేనే. ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలంటే తోడు రారు గానీ, పెళ్లిళ్లకు మాత్రం ‘పాపను ఇంట్లో ఉంచి రా’ అంటారు. ఇప్పుడు జాగ్రత్తలు తీసుకున్నా మళ్లీ గర్భం వచ్చింది. తొమ్మిదో వారం. నావల్ల కాదేమో అంటే ‘కడుపులో ప్రాణం తీస్తావా?’ అని అందరూ మీద పడుతున్నారు. ‘రేపు పాపను చూసుకోవడానికి తోబుట్టువు ఉండొద్దా?’ అని అత్తగారు అంటున్నారు. మావారు ‘నీ ఇష్టం’ అని ఊరుకుంటారు. నేను చెడ్డతల్లినా?

జవాబు: కాదు. మెడ నిలపలేని బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, ముద్ద గొంతుకు అడ్డం పడకుండా ఆరేళ్లుగా తినిపిస్తున్న మనిషిని ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. మీరూ అనుకోకండి.

కడుపులోది ప్రాణమే అంటున్నవాళ్లకు పాపది కూడా ప్రాణమేనని ఎందుకు తట్టలేదు? వాళ్లు కావాలని అబద్ధమాడుతున్నారని నేను అనను. ఇంకా పుట్టని బిడ్డ ఎవరి నిద్రా చెడగొట్టదు, ఎవరి సెలవూ అడగదు. అందుకే ఆ బిడ్డ మీద జాలి తేలిగ్గా పుడుతుంది. ఎక్కడో బోరుబావిలో బిడ్డ పడితే తెల్లవార్లూ టీవీ ముందు కూర్చుని దేవుడికి మొక్కుకుంటాం. ఆ కన్నీళ్లు నిజమైనవే. పక్క గదిలో ఏళ్ల తరబడి సాయం కావలసిన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ మనసే చూపు తిప్పుకుంటుంది. మీకు కోపం రావడం న్యాయం.

ఇకమీదట ఎవరైనా సలహా ఇస్తే ఒక్క మాట అడగండి: ‘వచ్చే వారం పాపను థెరపీకి ఎవరు తీసుకెళ్తారు?’ పోట్లాటగా కాదు, నిజంగానే అడగండి. ముందుకొచ్చినవాళ్ల మాట వినండి. రానివాళ్ల మాట మీద మీ బతుకును నిర్ణయించుకోనక్కర్లేదు.

అత్తగారి మాట దగ్గర కాస్త ఆగుదాం. ఆవిడ భయం మీది కూడా కదా, మన తర్వాత ఎవరు అని? అయినా ఒక బిడ్డను ఇంకొక బిడ్డకు కాపలాగా కనడం నాకు అంగీకారం కాదు. పుట్టకముందే ఆ పసివాడి నెత్తిన బరువు పెట్టినట్టవుతుంది. తర్వాత ప్రేమతో చూసుకుంటే సంతోషం, కానీ దాన్ని లెక్కలో వేసుకోకూడదు. ఆ భయానికి వేరే దారులున్నాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు నిండాక స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధ సంరక్షకులను నియమించవచ్చు. తోబుట్టువే కానక్కర్లేదు. ఆ ట్రస్టుదే ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల వరకు. తీసుకోకపోతే వెంటనే అడగండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు. బడిలో పాప గడిపే ఆ కొన్ని గంటలు మీకూ ఊపిరి.

గర్భం విషయానికొస్తే, మన దేశంలో 20 వారాల లోపు గర్భస్రావం చేయించుకోవడానికి ఒక్క అర్హులైన డాక్టర్ అభిప్రాయం చాలు. గర్భనిరోధకం విఫలమవడాన్ని చట్టం కారణంగా ఒప్పుకుంటుంది, స్త్రీ మానసిక ఆరోగ్యాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. మేజర్ అయిన స్త్రీ సమ్మతి ఒక్కటే కావాలి. భర్త సంతకం, అత్తగారి సంతకం అవసరం లేదు. ఆసుపత్రి మీ వివరాలు బయటపెట్టకూడదు. మందుల షాపులో మాత్రలు కొని సొంతంగా వేసుకోవడం మాత్రం వద్దు, రక్తస్రావం ప్రాణం మీదికి రావచ్చు.

ఉంచుకోవాలని మీ మనసులో ఏ మూలైనా ఉంటే, అదీ తప్పు కాదు. సెరిబ్రల్ పాల్సీ చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేది కాదు. నెలలు నిండకముందే పుట్టడం, కాన్పు సమయంలో ఆక్సిజన్ అందకపోవడం వంటి కారణాలు ఉంటాయి. మీ పాపకు ఏం జరిగిందో పాత ఫైలు పట్టుకెళ్లి గైనకాలజిస్టుకు చూపించండి. ‘మళ్లీ ఇలాగే అవుతుందేమో’ అన్న టెన్షన్‌తోనో, ‘పాపం తగులుతుంది’ అన్న భయంతోనో తేల్చుకోకండి. ఇద్దరు బిడ్డల భారం మోయగల ఒళ్లూ మనసూ ఉన్నాయా, పంచుకునే చేతులున్నాయా అన్నదే చూడండి.

ఆ చేతుల్లో మొదటివి మీవారివి కావాలి. ‘నీ ఇష్టం’ అనడం గౌరవంలా వినిపిస్తుంది గానీ, నిర్ణయాన్నీ నిందనూ రెంటినీ మీకే వదిలేస్తుంది. డాక్టర్ దగ్గరికి ఆయన్ని వెంటబెట్టుకెళ్లండి. వెళ్లేముందు ఒక ఆదివారం పొద్దుట్నుంచి రాత్రి దాకా పాపను పూర్తిగా ఆయనకే అప్పగించండి. స్నానం, తిండి, మందులు, అన్నీ. ఆ రాత్రి కూర్చుని, ‘ఇప్పుడు నీ ఇష్టం ఏమిటో చెప్పు’ అని అడగండి.