కథలు రాయడం నేర్చుకోవాలంటే కోర్సులో చేరాలా, చదివితే చాలా?

మంచి కథలు చదువుతూ పోతే రాయడం దానంతట అదే వస్తుందా, లేక డబ్బు కట్టి ఏదైనా కోర్సులో చేరాలా అని అడిగారు. చదివితే చాలునన్నదే నా సమాధానం. అయితే ఒక కథను ఒకసారి చదివి పక్కన పెట్టడాన్ని నేను చదవడం కింద లెక్క వేయను. ముగింపు తెలిసిపోయిన తరువాత అదే కథను మళ్ళీ మొదటి వాక్యం నుంచి పట్టుకొన్నప్పుడే రచయిత చేసిన పని మన కంటపడుతుంది.

నేను తెలుగు ఎం.ఏ. విద్యార్థిని. గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ మాకు పాఠ్యాంశం. 1910లో వచ్చిన ఈ కథ తెలుగులో తొలి ఆధునిక కథానికా, లేక 1902లో భండారు అచ్చమాంబ గారు రాసిన ‘ధన త్రయోదశి’కి ఆ గౌరవం దక్కాలా అన్న చర్చతోనే మా తరగతులన్నీ గడిచిపోయాయి. ఆ చర్చ అక్కర్లేదని నేను అనను. అచ్చమాంబ గారికి రావలసిన పేరు ఇంతకాలం రాకపోవడం అన్యాయమే. కానీ ఆ రెండు కథల్లో ఒక్కదాన్నయినా వాక్యం వెంట వాక్యంగా మాచేత ఎవరూ చదివించలేదు. పరీక్షలో ‘రచయిత ఇచ్చిన సందేశమేమి?’ అన్న ప్రశ్న వస్తుంది, గైడులో దానికి జవాబు ఉంటుంది, కథ తెరవకుండానే మార్కులు పడతాయి.

నాచేత ఆ కథను నిజంగా చదివించింది శ్రీకాకుళంలో ఒక కార్యశాలకు వచ్చిన రిటైర్డు మేష్టారు. ఆయన ముందు కథంతా గట్టిగా చదివి వినిపించారు. సానిపాట మోజులో పడిన గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తాడు. గది చీకటిగా ఉంటుంది, భార్య కమలిని కనిపించదు, పుట్టింటికి పోతున్నానని ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది. అతడు బెంబేలుపడి, నౌకరు రాముణ్ణి ఆమె దగ్గరికి పంపదలచి, ఏమేం చెప్పాలో వల్లె వేయిస్తాడు. చివరికి మంచం కింద నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. ఇంతవరకూ చదివి మేష్టారు పుస్తకం మూశారు. “ఆవిడ మంచం కిందే ఉందని ఇప్పుడు మీకు తెలిసింది కదా, ఇక మొదటి నుంచి చూద్దాం రండి” అన్నారు.

ఆ రెండో చదువులో మాకు కథ పూర్తిగా మారిపోయింది. ఒంటరివాడి పశ్చాత్తాపంగా తోచిన మాటలన్నీ, నాలుగు అడుగుల దూరంలో ఊపిరి బిగబట్టి వింటున్న భార్య చెవిన పడుతున్న మాటలయ్యాయి. ఇకమీదట సానిపాట మానేస్తానని అతడు ఆమెకు ఎదురుగా చెప్పి ఉంటే ఆమె నమ్మేదా? నౌకరుకు పాఠం చెబుతున్నాడు కనుకనే ఆ మాటకు విలువ వచ్చింది. రచయిత ఒక మనిషిని మంచం కింద ఉంచి, ఆ సంగతి మనకు చెప్పకుండా దాచి, ఒక్క సన్నివేశంలో రెండు కథలు నడిపించాడు.

అప్పుడు నా పక్కన కూర్చొన్న అమ్మాయి “మరి రాముడికి తెలుసా?” అని అడిగింది. “తెలుసో లేదో కథలోనే చూపించమ్మా” అన్నారు మేష్టారు. భోజనాల వేళ దాటినా ఆ వాదన తెగలేదు. రాముడికి అన్నీ తెలుసునని నా గట్టి నమ్మకం. ‘మీ అమ్మ ఎక్కడరా’ అని యజమాని గద్దిస్తే తన కన్నతల్లి సంగతి చెబుతాడు. అది అమాయకత్వం కాదు, కాలయాపన. ఇక చెప్పమన్న మాటలు చెప్పకుండా, ఆడవాళ్ళు అణగి ఉండాలనీ, లేకపోతే అయ్యగారు కొత్త సానిని చేరదీస్తారనీ సొంత పాఠం అప్పజెబుతాడు. ఆ మాటలు మంచం కిందకు వినబడాలనే అంటున్నాడు. యజమాని కోపంతో కుర్చీలోంచి లేవడం, రాముడు బయటికి దూకడం, నవ్వు వినబడడం వెంటవెంటనే జరిగిపోతాయి. ఆ నవ్వు ఒక్క వాక్యం ముందు వచ్చినా ఆ బిగి ఉండేది కాదు. అసలు సంగతిని గురజాడ ఎక్కడా తేల్చి చెప్పలేదు కనుకనే మేము అంతసేపు వాదించుకోగలిగాము.

పలాస జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ మీద ఆ తరువాత నేనొక కథ రాశాను. మా పెద్దమ్మ చేసిన పనే అది. జీడి రసం తగిలి వేళ్ళ కొసలు నల్లబడి తోలు లేచిపోవడం చిన్నప్పటి నుంచి చూశాను. నా కథలో తల్లి మేస్త్రీతో “నా పిల్లను పిక్కల దగ్గరికి రానివ్వను” అని తెగేసి చెబుతుంది. పక్కగదిలో కూతురు మేలుకొనే ఉంది, బడి ఎగ్గొట్టి అప్పటికే ఆ పనికి పోతోంది. అన్నం తినేటప్పుడు ఆ పిల్ల చేతిని కంచం చాటున ఉంచుకొంటుందన్న ఒక్క వాక్యం మొదట్లో పెట్టాను. చీకట్లో తినడం, చేతికి గుడ్డ చుట్టుకోవడం వంటివి రాసి చూసి కొట్టివేశాను, ఎందుకంటే అవి పాఠకుణ్ణి ముందే హెచ్చరిస్తాయి. ఒక పోటీ నిర్వాహకులు చివర సందేశం చేర్చమన్నారు. నేను చేర్చలేదు. చేతిని చూసినవాడికి వేరే సందేశం ఎందుకు?

కోర్సు సంగతికి వస్తే, అక్కడ మీతో కూర్చొని ఒక కథను వాక్యం వాక్యం విప్పి చూపే మనిషి ఉన్నారేమో ముందు కనుక్కోండి. ఉంటే చేరండి, పాత్రచిత్రణకు పది సూత్రాలు, ముగింపుకు ఐదు సూత్రాలు రాయించేవారైతే ఆ డబ్బు పుస్తకాలకు పెట్టండి. వీలైతే కథారచయిత కాళీపట్నం రామారావు మేష్టారు 1997లో శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయానికి వెళ్ళండి. పాత పత్రికల్లో అచ్చయిన కథలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఏదో ఒక్క కథ ఎంచుకొని, వెంట ఒక స్నేహితుణ్ణి కూడా తీసుకువెళ్ళండి, ఎందుకంటే రాముడికి తెలుసా అని అడిగే మనిషి పక్కన ఉండాలి.