తత్వశాస్త్రం చెప్పేవాళ్లకు పాత నవలలతో పనేమిటి?

తర్కం నేర్చుకోవడానికి తత్వవేత్తల గ్రంథాలు ఉండగా క్లాసిక్ నవలలు ఎందుకు, అవి కాలక్షేపమే కదా అని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా తత్వశాస్త్రం పాఠం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాదీ ఇదే అభిప్రాయం.

తర్కం మొదటి పాఠంలో అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. మనుషులందరూ చనిపోతారు, సోక్రటీస్ మనిషి, కాబట్టి సోక్రటీస్ చనిపోతాడు. బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. 1886లో వచ్చిన టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం'లోనూ ఇది ఉంది, సోక్రటీస్ బదులు కైయస్. మంచాన పడ్డ న్యాయాధికారి ఇవాన్ గొణుక్కుంటాడు: కైయస్ పోతాడు, న్యాయమే. కానీ నేను కైయస్‌ని కాదే! చిన్నప్పటి నా చారల తోలుబంతి వాసన కైయస్‌కేం తెలుసు?

ఇరవై రెండేళ్లప్పుడు అక్కడ పెన్సిల్‌తో 'తర్కదోషం' అని రాసిపెట్టుకున్నాను. అదే ప్రతిని నలభై ఆరులో మళ్లీ తీశాను. ఇవాన్ పోయింది నలభై అయిదుకి, అంటే అప్పటికి నేను అతనికన్నా పెద్దవాణ్ణి. ఆ రాత చూసి సిగ్గేసింది. అతని తర్కంలో తప్పేం లేదు, వాక్యం మొత్తం ఒప్పుకుంటున్నాడు. 'సోక్రటీస్' ఉన్నచోట 'నేను' పెట్టడం దగ్గరే ఆగిపోయాడు. ఆ తర్వాతి ఏడాది నుంచి క్లాసులో ఆ పేరు చెరిపేసి 'నేను' అని రాసి, పైకి చదవమనేవాణ్ణి. కొందరు నవ్వేవారు, కొందరు చదివేవారే కాదు.

కవులను తన ఆదర్శ రాజ్యంలోకి రానివ్వనన్న ప్లేటో కూడా 'రిపబ్లిక్'ని ముగించింది వాదనతో కాదు, చనిపోయి తిరిగొచ్చిన ఎర్ అనే సైనికుడి కథతో.

క్లాసిక్ అన్నదల్లా తలకెత్తుకోమనను. 'యుద్ధము-శాంతి' చివర చరిత్ర గురించి టాల్‌స్టాయ్ సిద్ధాంతం చెబుతాడు చూడండి, తత్వం మాస్టారినైన నాకే ఆ పేజీల్లో కునుకు పట్టింది.

మొదలుపెడితే ఇవాన్‌తోనే పెట్టండి, చిన్న పుస్తకం. గెరాసిమ్ అనే పనివాడి దగ్గర కాస్త నెమ్మదిగా చదవండి. నేను రెండుసార్లూ అతన్ని దాటేశాను, రిటైరయ్యాక మూడోసారికి గానీ కనబడలేదు. నొప్పి తగ్గడానికి యజమాని కాళ్లు తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చునే మనిషి. అతను అనేది కూడా ఆ మొదటి వాక్యమే: అందరం పోయేవాళ్లమే కదా, ఈపాటి కష్టపడితే ఏం?